పెంపుడు కుక్కను మరో కుక్క కరిస్తే

పెంపుడు కుక్కను షికారుకు తీసుకెళ్లినప్పుడు వీధికుక్కో, పక్కవీధి వాళ్ల కుక్కో మీదపడి కరవడం పట్టణాల్లోనూ పల్లెల్లోనూ తరచూ జరిగేదే. గొడవ నిమిషంలో ముగిసిపోతుంది. చుట్టుపక్కల వాళ్లు అదిలిస్తే కరిచిన కుక్క పక్కకు తప్పుకుంటుంది. కాటుపడిన కుక్క ఒళ్లు దులుపుకుని ఇంటిదారి పడుతుంది. రక్తం కూడా పెద్దగా కనిపించదు. ఏం కాలేదులే అనుకోవడానికి అన్నీ అనుకూలంగానే ఉంటాయి. కానీ కుక్కకాటులో పైకి కనిపించే నష్టం ఎప్పుడూ తక్కువే. చర్మం కింద చితికిన కండ, లాలాజలంతో లోపలికి చేరిన క్రిములు, మర్నాడు అదే మలుపు దగ్గర కాళ్లు ఆడనివ్వని భయం ఆ పూటకు బయటపడవు. కాబట్టి మొదటి కొన్ని గంటల్లో తొందర పడాలి. ఆ తరవాత కొన్ని వారాలు ఓపిక పట్టాలి. చాలా ఇళ్లలో ఈ రెండూ తారుమారవుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లడం రేపటికి వాయిదా పడుతుంది, కుక్కను మళ్లీ వీధిలోకి లాక్కెళ్లడం మాత్రం మర్నాడే మొదలవుతుంది.

ఇలాంటి గొడవలు ఎలా మొదలవుతాయో ఏలూరులో చూడవచ్చు. ఊరి మధ్యగా కాలువ పారుతుంది. కృష్ణ వైపు నుంచి, గోదావరి వైపు నుంచి వచ్చే కాలువలు కలిసేది ఇక్కడే. తెల్లవారుజామున ఆ గట్ల మీద కుక్కను పట్టుకుని నడిచేవాళ్లూ, రాత్రంతా అక్కడే తిరిగిన వీధికుక్కలూ ఒకే వేళకు ఎదురుపడతారు. వీధికుక్కల గుంపు తిండి దొరికే చోటును అంటిపెట్టుకుని ఉంటుంది. కోడిమాంసం దుకాణం వెనక పారేసిన పేగులు, చేపల మార్కెట్టులో మిగిలిన తలకాయలు, కల్యాణమండపం పక్కన కుప్పపోసిన ఎంగిలి విస్తళ్లు వాటికి రోజువారీ ఆదరువు. అటు కొత్త కుక్క వస్తే తిండికి పోటీ వచ్చినట్టే లెక్క. గొలుసుతో ఉన్న కుక్కకు పారిపోవడానికీ వీలుండదు, తల వంచి పక్కకు తప్పుకోవడానికీ వీలుండదు. గొలుసు బిగిసేకొద్దీ దాని ఛాతీ ముందుకు, తల పైకి లేస్తాయి. ఎదుటి కుక్కకు అది సవాలులా కనిపిస్తుంది. తాడేపల్లిగూడెం మార్కెట్టు వీధుల్లో జరిగినా, ఏలూరు పేటల్లో జరిగినా చాలా గొడవలకు మూలం ఇదే.

కొల్లేటి ఊళ్లలో పరిస్థితి వేరు. 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించి, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన కొల్లేరు సరస్సు చుట్టూ చేపల చెరువులు విస్తరించి ఉన్నాయి. చెరువు గట్టు మీద కాపలా పాక, పాక ముందు కుక్క ఉండటం అక్కడ మామూలు. దొంగలను, చేపల మీద వాలే పక్షులను తరమడం దాని పని. దానికి ఎవరూ గొలుసు వేయరు, వేస్తే అది ఉన్న పనే జరగదు. గట్టు దారి సన్నం, రెండు వైపులా నీళ్లు. కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు ఊళ్లలో పెంపుడు కుక్కను తీసుకుని గట్టెక్కినవాళ్లు పక్కకు తప్పుకోవాలన్నా చోటుండదు. అక్కడ వీధికుక్కల గుంపు కన్నా ఒంటరి కాపలా కుక్కే ఎక్కువ ప్రమాదం. గుంపు చాలాసార్లు అరుపులతో సరిపెడుతుంది. కాపలా కుక్క మాత్రం తన గట్టును వదిలి అడుగు వెనక్కు వేయదు.

కాలం కూడా చూసుకోవాలి. చిత్త కార్తె కుక్కల మాట తెలుగునాట తెలియనివాళ్లుండరు. అక్టోబరు రెండో, మూడో వారాల్లో వచ్చే ఆ కార్తెకు అటూ ఇటూగా వీధికుక్కలు ఎదకు వస్తాయి. ఒక ఆడకుక్క వెంట పది మగకుక్కలు తిరిగే ఆ రోజుల్లో గొలుసుతో ఉన్న మగకుక్క ఎదురైతే గుంపంతా దాని మీద పడుతుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే ధనుర్మాసంలో, సంక్రాంతి ముందు ఏ పాత గోడ పక్కనో, సిమెంటు తూములోనో పిల్లలు పుడతాయి. అప్పుడు కరిచేది మగకుక్క కాదు, పిల్లలతల్లి. అది హెచ్చరించకుండానే మీదికి వస్తుంది. ఆ వీధిని నెలన్నర, రెండు నెలలు తప్పించడం కన్నా మంచి ఉపాయం లేదు.

రెండు కుక్కలు కలబడినప్పుడు మనిషి చేసే మొదటి పని చేయి మధ్యలో పెట్టడం. అది చేయకూడని పని. కొట్లాటలో ఉన్న కుక్క తన యజమాని చేతిని కూడా గుర్తించదు. పెంచిన మనిషినే కరుస్తుంది, తరవాత తోక ఊపుతూ వచ్చి ఆ చేతినే నాకుతుంది. రెండో తప్పు, కోరలు దిగి ఉండగా తన కుక్కను బలంగా లాగడం. లాగితే రంధ్రంగా ఉన్న గాయం చీలికవుతుంది. కొట్టడం వల్ల కూడా పట్టు బిగుస్తుందే తప్ప సడలదు. నీళ్ల బకెట్టు దొరికితే ముఖాల మీద కుమ్మరించడం, గొడుగు విప్పి రెండింటి మధ్య నిలపడం, గోనెపట్టానో దుప్పటినో తల మీద కప్పడం, బిందె మీదనో రేకు మీదనో గట్టిగా మోగించడం పనిచేస్తాయి. పెద్దవాళ్లు ఇద్దరుంటే చెరొక కుక్క వెనక కాళ్లు పట్టుకుని ఒకేసారి వెనక్కు నడిపించవచ్చు. చిన్న కుక్కను చంక ఎక్కించుకుంటే ఎదుటి కుక్క మనిషి మీదికి ఎగురుతుంది. కాంపౌండు గోడ గానీ, ఆపి ఉన్న ఆటో గానీ పక్కనుంటే దాన్ని గోడ అవతలికో, ఆటోలోకో చేర్చి అడ్డు నిలవడం మేలు.

గొడవ సద్దుమణిగాక కుక్కను అక్కడే నిలబెట్టి గాయాల కోసం వెతకకూడదు. ముందు కనుచూపు మేర దాటించాలి. నొప్పితో ఉన్న కుక్క తాకనివ్వదు కాబట్టి మెత్తని గుడ్డతో మూతిని వదులుగా కట్టవచ్చు, పొలంలో ఎద్దు మూతికి చిక్కం వేసినట్టు. ఊపిరి కష్టంగా తీస్తున్నా, వాంతి చేసుకుంటున్నా ఆ పని చేయకూడదు. తరవాత పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు గులాబీ రంగులో తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి వస్తుంది. రాకపోతే, చిగుళ్లు పాలిపోయి ఉంటే, పాదాలు చల్లబడితే, కుక్క కూలబడి లేవకపోతే లోపల రక్తం పోతోందనో, శరీరం షాక్‌లోకి జారుతోందనో అర్థం. అప్పుడు ఇంట్లో కడగడాలూ తుడవడాలూ పెట్టుకోకుండా బయల్దేరాలి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన తువ్వాలును మడిచి ఐదు నిమిషాలు వదలకుండా అదిమిపట్టాలి. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. నడవలేని కుక్కను వెడల్పాటి చెక్క మీదనో, నలుగురు నాలుగు కొసలు బిగించి పట్టిన దుప్పటిలోనో మొయ్యాలి. వెన్నుకు దెబ్బ తగిలి ఉంటే చేతులతో ఎత్తడం వల్ల అది ముదురుతుంది.

కుక్క కోర పొడవుగా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. అది దిగిన చోట చర్మం మీద పడేది శనగగింజంత రంధ్రం. కానీ పట్టుకున్న కుక్క ఊరికే ఉండదు, తల అటూ ఇటూ విదిలిస్తుంది. కుక్క చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి చర్మం కోరతో పాటు కదులుతుంది, దాని కింద కండ మాత్రం కదలలేక చీలుతుంది. చర్మానికీ కండకూ మధ్య సంచిలా ఖాళీ ఏర్పడుతుంది. కరిచిన కుక్క నోటిలోని సూక్ష్మజీవులు, దాని వెంట్రుకలు, మట్టి ఆ సంచిలో చిక్కుకుంటాయి. పైన రంధ్రం ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది, మానిపోయిందని ఇంట్లో వాళ్లు సంతోషిస్తారు. రెండో రోజో, మూడో రోజో ఆ చోట వేడిగా, బిగువుగా వాపు తేలుతుంది. కుక్క తిండి మానేస్తుంది. అప్పటికి లోపల చీము నిండి ఉంటుంది. పొమెరేనియన్, పగ్ లాంటి చిన్న జాతుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పెద్ద కుక్క వాటి నడుమును పట్టి విదిలిస్తే పక్కటెముకలు విరగవచ్చు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు, చర్మం చెక్కుచెదరకుండానే పొట్ట గోడ చిరిగి పేగు చర్మం కిందికి జారవచ్చు. ఇవి ఎక్స్‌రేలోనో, డాక్టరు చేతి స్పర్శకో తెలిసేవే. కరిచింది చిన్నగానే అని చెప్పి మందుల షాపులో గోలీలు కొనుక్కునే ఇంటికీ, అరగంటలో ఆసుపత్రి మెట్లెక్కే ఇంటికీ మధ్య తేడా చాలాసార్లు ఆ కుక్క ప్రాణమే.

ఇంట్లో చేయగలిగింది ఒక్కటే, కడగడం. చేతులకు తొడుగులు లేకపోతే ప్లాస్టిక్ సంచి చుట్టుకుని, గాయం చుట్టూ వెంట్రుకలను తడిపి పక్కకు తీసి, సబ్బు నురుగుతో, ధారగా పడే కుళాయి నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. చిన్న రంధ్రాలు వెంట్రుకల మధ్య దాక్కుంటాయి కాబట్టి మెడ చుట్టూ, చెవుల వెనక, చంకల్లో, తొడల లోపలి వైపు వేళ్లతో తడిమి చూడాలి. ఎక్కడ వేలికి తడి తగిలితే అక్కడ మరో కాటు ఉంటుంది. కొల్లేటి ఊళ్లలో దగ్గరున్న చెరువు నీళ్లతో కడిగేయడం జరుగుతుంటుంది. చేపల చెరువు నీరు గాయానికి మంచిది కాదు. మంచినీళ్ల క్యాను తెరవడం మేలు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, బ్యాటరీ మసి పెట్టవద్దు. అవి గాయం మూతిని పూడ్చి మురికిని లోపలే ఉంచుతాయి. మనిషికి వాడే నొప్పి గోలీలు అసలే ఇవ్వకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం పోతుంది.

ఈ ప్రాంతపు ఉక్కలో, వానల్లో ఇంకో బెడద ఉంది. తెరిచి ఉన్న గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులో అవి పొదుగుతాయి. పల్లెల్లో దీన్నే గాయానికి పురుగు పట్టిందంటారు. కుక్క నాలుక అందని చోటే, అంటే మెడ మీద, చెవి వెనక, నడుము మీద ఇది ఎక్కువ. ముందుగా తెలిసేది వాసనే. కుక్క ఆ చోటును గోడకు రుద్దుతూ కుదురుగా పడుకోదు. పశువుల పుళ్లకు సీతాఫలం ఆకు నూరి పెట్టడం ఇక్కడి పాత అలవాటే అయినా కోర దిగిన లోతైన గాయంలో అది పనికిరాదు. పెట్రోలు, ఫినాయిలు పోయడం మరీ దారుణం. పురుగుతో పాటు కండ కూడా మాడిపోతుంది, కుక్క దాన్ని నాకి విషం మింగుతుంది. డాక్టరు పురుగులను ఏరి, చచ్చిన కండ తీసి, లోపలికి మందునీళ్లు పంపి కడుగుతారు. కొన్ని గాయాలను కుట్టకుండా చీము కారిపోయేలా గొట్టం పెట్టి తెరిచే ఉంచుతారు. గాయం తెరిచి వదిలేశారేమిటని డాక్టరును తప్పుపట్టాల్సిన పని లేదు, అదే సరైన వైద్యం. కుట్లు వేస్తే సుమారు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. అంతవరకూ మెడకు గరాటులా ఉండే ప్లాస్టిక్ పట్టీ తీయకూడదు. జాలి పడి ఒక్క రాత్రి తీసేస్తే తెల్లారేసరికి కుక్క కుట్లన్నీ పీకేసుకుంటుంది.

రేబిస్ సంగతి విడిగా చెప్పాలి. కరిచిన కుక్క లాలాజలంలో ఆ వైరస్ ఉంటే అది గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. ఆ ప్రయాణానికి కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో కుక్క మామూలుగానే ఉంటుంది. లక్షణాలు బయటపడ్డాక కుక్కనైనా, మనిషినైనా బతికించే వైద్యం లేనట్టే. గాయం మానిందా లేదా అన్నదానికీ, రేబిస్ ప్రమాదానికీ సంబంధం లేదు. ఏటేటా టీకా వేయించిన కుక్క అయినా సరే, కాటు పడగానే మళ్లీ టీకా వేయించాలి. ఎప్పుడూ వేయించని కుక్కకు మన దేశంలో పశువైద్యులు సాధారణంగా కాటు పడిన రోజున, ఆపైన 3, 7, 14, 28 రోజుల్లో సూదులు వేస్తారు. మూడో సూది అయ్యాక, కుక్క హుషారుగానే ఉంది కదా అని మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. మిగతా రెండూ వేయించకపోతే వేయించినవాటికి భరోసా ఉండదు. కరిచిన కుక్క ఎవరిదో తెలిస్తే దాన్ని 10 రోజులు కట్టేసి గమనించమని అడగాలి. ఆ 10 రోజులూ అది తిని, తాగి మామూలుగా ఉంటే కాటు వేసిన నాటికి దాని లాలాజలంలో వైరస్ లేదని అర్థం. అయినా టీకాలు మొదలుపెట్టడానికి ఆ 10 రోజులూ ఆగకూడదు.

గొడవలో మనిషికి గీత పడినా అంతే శ్రద్ధ కావాలి. కాటుపడిన కుక్క ఒంటి మీద ఎదుటి కుక్క లాలాజలం అంటుకుని ఉంటుంది. చేతికి పుండో, తెగిన గీతో ఉన్నవాళ్లు దాన్ని ఉత్తచేతులతో కడగకూడదు. కాటు పడిన మనిషి 15 నిమిషాలు సబ్బుతో కడుక్కుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఏలూరు సర్వజన ఆసుపత్రిలోనూ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ రేబిస్ టీకా ఉచితం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేంత లోతుగా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. కరిచింది తమ సొంత కుక్కే అని సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా దాచేవాళ్లున్నారు. ఇక్కడ దాచడం ప్రాణాల మీదికి తెస్తుంది.

వైద్యం ఎక్కడ దొరుకుతుందన్నది ముందే తెలిసి ఉండాలి. పట్టణాల్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రులున్నాయి, ప్రైవేటు క్లినిక్కులున్నాయి. ఎముక విరిగినా, ఛాతీకో పొట్టకో లోతైన గాయమైనా ఏలూరు నుంచి జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరిది. కొల్లేటి లంక ఊళ్లలో ఉండేవాళ్లు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగవచ్చు. రాత్రిపూట ఏ క్లినిక్కు తెరిచి ఉంటుందో, ఏ ఆటో అతను కుక్కను ఎక్కించుకుంటాడో కనుక్కుని రాసిపెట్టుకున్న ఇంట్లో ఆ రాత్రి కంగారు సగం తగ్గుతుంది.

ఒంటి గాయం రెండు వారాల్లో మానుతుంది. భయం అంత త్వరగా మానదు. ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు చెప్పేది ఇదే. తిండికి ముందు వినిపించే చప్పుడుకే నోరూరడం నేర్చుకున్న జీవి, నొప్పికి ముందు కనిపించిన ప్రతిదానికీ వణకడం కూడా నేర్చుకుంటుంది. కరిచిన కుక్కే కాదు, ఆ మలుపులో పాలబూత్, ఆ వేళకు వచ్చే చెత్తబండి, చివరికి మెడకు తగిలించే గొలుసు కూడా భయానికి గుర్తులవుతాయి. గొలుసు చేతిలోకి తీసుకోగానే తోక కాళ్ల మధ్యకు ముడుచుకుని మంచం కిందికి దూరే కుక్క మొండికేయడం లేదు. పెదాలు పదేపదే నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవులించడం, దూరంగా మరో కుక్కను చూసి కొయ్యబారిపోవడం అన్నీ భయపు గుర్తులే. ఇంతకుముందు అన్ని కుక్కలతో కలిసి ఆడిన కుక్క, ఇప్పుడు ఎదురైన ప్రతి కుక్క మీదికీ మొరుగుతూ దూకవచ్చు. దాన్ని చూసి పొగరు పెరిగిందని కొడతారు. అది పొగరు కాదు, మళ్లీ కరవకముందే తరిమేయాలన్న ఆరాటం. కొడితే ఎదురు కుక్క కనిపించినప్పుడల్లా నొప్పి వస్తుందన్న నమ్మకం ఇంకా బలపడుతుంది.

మొదటి నాలుగైదు రోజులు షికారు మానేయడంలో తప్పు లేదు. డాబా మీదో, పెరట్లోనో కాలకృత్యాలు తీర్చుకోనిచ్చి, వేళకు తిండి పెట్టి, నిద్రపోనివ్వాలి. భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని కొందరంటారు. అది నిజం కాదు. భయం ముద్దు చేస్తే పెరిగేది కాదు. ఒళ్లో పడుకోవాలని వచ్చిన కుక్కను నిమిరితే దాని గుండెదడ తగ్గుతుంది. తరవాత మొదలుపెట్టే పద్ధతికి నూరేళ్ల చరిత్ర ఉంది. కుందేలంటే హడలిపోయే ఒక పిల్లవాడికి, అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి ఆ భయం పోగొట్టారు. 1924లో ఆమె ఆ వివరాలు ప్రచురించారు. కుక్కల శిక్షకులు ఇవాళ చేసేది దాదాపు అదే.

ముందు దూరం చూసుకోవాలి. ఎదుటి కుక్క కనిపించినా తన కుక్క తిండి తీసుకోగలిగినంత దూరం కావాలి. అది 50 అడుగులు కావచ్చు, 200 అడుగులు కావచ్చు. తాడేపల్లిగూడెంలో వెడల్పాటి కాలేజీ మైదానమో, కొల్లేటి ఊళ్లలో కోత అయిపోయిన చేనో ఇందుకు బాగుంటాయి. ఇరుకు సందులు పనికిరావు. ఎదుటి కుక్క కనిపించగానే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క చిన్నది నోటికి అందించాలి, అది కనుమరుగు కాగానే ఆపేయాలి. తిండి ముందు, కుక్క తరవాత అయితే ప్రయోజనం లేదు. కుక్క కనిపించింది కాబట్టే తిండి వచ్చిందని దానికి అనిపించాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఎంత ఇష్టమైన ముక్క అయినా ముట్టుకోకపోతే దూరం చాలలేదని గుర్తించి వెనక్కు రావాలి. వారం వారం కొన్ని అడుగులు దగ్గరికి జరగవచ్చు. ఆ మధ్యలో దీపావళి వచ్చి టపాసులు మోగితే నేర్చుకున్నది కొంత వెనక్కు పోతుంది, మళ్లీ మొదటి దూరం నుంచి మొదలుపెట్టాలి. తెలిసినవాళ్ల సాధు కుక్క ఒకటి ఉంటే, రెండింటినీ ఎదురెదురుగా కాకుండా ఎడంగా ఒకే దిక్కుకు నడిపించడం మంచి మెట్టు. భయం పోగొట్టడానికని కరిచిన కుక్క దగ్గరికే బలవంతంగా తీసుకెళ్లి నిలబెట్టేవాళ్లు ఆ కుక్కకు రెండోసారి గాయం చేస్తున్నట్టే. నెల దాటినా తిండి సరిగా తినకపోతే, నిద్రలో అరుస్తుంటే డాక్టరుకు చెప్పాలి. లోపల మానని నొప్పి ఉండవచ్చు, లేదా ఆందోళన తగ్గించే మందు అవసరం కావచ్చు.

గొలుసు పట్టుకున్న మనిషి సంగతి ఎవరూ అడగరు. పశువుల ఆసుపత్రిలో కుక్కకు కట్టు కడతారు, ఆ మనిషి చేతుల వణుకును ఎవరూ పట్టించుకోరు. ఆ దారిన ఎందుకు వెళ్లానా అన్న ప్రశ్న రోజులతరబడి వదలదు. కుక్క అరుపు చెవుల్లో మోగుతుంది. ఇంటికొస్తే, కుక్క కోసం ఇంత ఖర్చా అని ఒకరు, నువ్వే సరిగా పట్టుకోలేదని మరొకరు అంటారు. ఈ రెండో మాట ముఖ్యంగా పిల్లల మీద పడితే లోతుగా గుచ్చుకుంటుంది. పదేళ్ల పిల్ల చేతిలో గొలుసు ఉండగా గొడవ జరిగితే, నీ తప్పేమీ లేదని పెద్దవాళ్లు నోరు తెరిచి, ఒకటికి రెండుసార్లు చెప్పాలి. మళ్లీ షికారు మొదలుపెట్టినప్పుడు మనిషి భయం గొలుసు గుండా కుక్కకు అందుతుంది. దూరంగా వీధికుక్క కనబడగానే యజమాని ఊపిరి బిగబట్టి గొలుసును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటాడు. ఆ బిగింపే కుక్కకు హెచ్చరిక. అందుకే మొదటి కొన్ని వారాలు ఇంకొకరు తోడు వెళ్లడం మంచిది. నిద్రలేమి, ఉలికిపాటు నెలకు మించి ఉంటే 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ అది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. కుక్కను కాపాడుకోలేకపోయిన ఇంట్లో దుఃఖం ఇంట్లో మనిషి పోయినంతగానే ఉంటుంది. దాన్ని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు. వెంటనే ఇంకో పిల్లను తెచ్చి ఆ ఖాళీ పూడ్చాలని చూడటం కన్నా కొన్నాళ్లు ఆగడం మేలు.

కరిచింది పెంపుడు కుక్క అయితే దాని యజమానితో మాట్లాడటం తప్పదు. ముందు అడగాల్సింది డబ్బు కాదు, టీకాల పుస్తకం. ఆ పుస్తకం ఫొటో, గాయాల ఫొటోలు, ఆసుపత్రి చీటీలు, బిల్లులు దాచుకోవాలి. మాటల్లో కుదిరితే వైద్యం ఖర్చు, ఇకమీదట కుక్కకు గొలుసూ మూతికి చిక్కమూ వేస్తామన్న హామీ తీసుకోవడంతో సరిపోతుంది. కుదరకపోతే ఫిర్యాదు చేయవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్, జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉన్నవారికి ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చంటుంది. కానీ అది మనుషులకు కలిగే ప్రమాదం గురించి చెప్పే సెక్షన్. గొడవలో మనిషి ప్రాణానికి గానీ, ఒంటికి గానీ ప్రమాదం ఉందని చెప్పగలిగితేనే వర్తిస్తుంది. కేవలం కుక్కకు జరిగిన నష్టానికి సివిల్ దావా ఒక్కటే దారి, అది చాలా కాలం పట్టే పని. పక్కింటివాళ్లతో వైరం పెంచుకోవడం కన్నా పెద్దమనుషుల ముందు తేల్చుకోవడమే ఇక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది.

వీధికుక్క అయితే ఫిర్యాదు మునిసిపాలిటీకో, పంచాయతీకో వెళ్లాలి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. అవి అయ్యాక సాధారణంగా వాటిని పట్టుకున్న చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఈ పద్ధతినే సమర్థించింది. రేబిస్ ఉన్నవాటినీ, దాడి చేసే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలకూడదన్నది. కాబట్టి ఫిర్యాదులో ఏ వీధి, ఏ వేళ, ఏ రంగు కుక్క, ఇంతకుముందు ఎవరిని కరిచింది అన్నవి రాయాలి. ఊరికే కుక్కల బెడద అని రాసిన కాగితం పక్కన పడుతుంది. కోపంతో అన్నంలో విషం కలిపి పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అది 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడే నేరం. ఆ విషం తిన్న మిగతా జంతువుల్లో విషం పెట్టినవాళ్ల సొంత కుక్క కూడా ఉండవచ్చు. తిండి కుప్పలు ఎత్తేయించకుండా కుక్కలను ఎత్తేస్తే ఆ చోటుకు టీకాల్లేని కొత్త కుక్కలు వస్తాయి.

రేబిస్ టీకా కుక్కపిల్లకు మూడో నెలలో మొదలవుతుంది, ఆ తరవాత ఏడాదికొకసారి వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తయారుచేసిన టీకాను కుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి వేశారు. ఆ రోజునే జూనోసిస్ దినంగా, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా పాటిస్తూ ఏటా జూలై 6న రాష్ట్రంలోని పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పెంపుడు కుక్కలనే కాదు, వీధి చివర తాము అన్నం పెట్టే కుక్కలను కూడా ఆ రోజు వెంట తీసుకెళ్లవచ్చు.